నంబరు వేసిన ఓట్లు

స్టోర్‌కీపరు తన ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నంబరు లేకుండా చేత్తో ముట్టుకున్న వస్తువు ఏదైనా ఉందంటే అది ఉప్పు. దాని డబ్బాకి మాత్రం నంబరుంది. దుప్పట్లు, బకెట్లు, పారలు, చెంచాలు, ఆఖరికి గోడ గడియారం, ఆయన చేతి మీదుగా పోయిన ప్రతిదాని వెనకా ఓ మూల చిన్న నల్లటి అంకె ఉండాల్సిందే. అందుకే శిబిరంలో అందరూ ఆయన్ని నంబర్ల బాబాయ్ అనేవాళ్లు. సెలవుకి ఇంటికెళ్లి వంటింటి డబ్బాలకీ అంకెలు కొడుతుంటే వాళ్లావిడ ఒళ్లు మండి, "నాక్కూడా ఒకటి కొట్టండి, ఎక్కడైనా తప్పిపోతే ఎవరైనా తెచ్చి అప్పజెబుతారు" అంది. బాబాయ్ నవ్వలేదు. మంచి ఆలోచనే కదా అనుకున్నాడు.

వాళ్లది వంతెనలు కట్టే సైనిక దళం. సొంత దేశానికి ఒకటిన్నర రోజు ప్రయాణమంత దూరంలో, పరాయి నేల మీద, రేకుల షెడ్లలో ఉంటున్నారు. అక్కడ స్వదేశంలో ఎన్నికలొచ్చాయి. దూరాన ఉన్నంత మాత్రాన సైనికుల ఓటు పోకూడదని ఎన్నికల ఆఫీసు ఒక ఇనప పెట్టె, అవసరానికి ఇంకో ఖాళీ పెట్టె, ఓటు కాగితాల కట్ట, నలభై పేజీల నిబంధనల పుస్తకం పంపించింది. ఓట్ల డ్యూటీ ఎవరికివ్వాలా అని కెప్టెన్ పెద్దగా ఆలోచించలేదు. "కాగితాలు, పెట్టె, సంతకాలు. ఇదంతా స్టోర్సు వ్యవహారమే" అని బాబాయ్ నెత్తిన పెట్టాడు.

బాబాయ్ ఆ డ్యూటీ ప్రాణం పెట్టి చేశాడు. ఆదివారం తనతో సహా శిబిరంలోని నలభై ఒక్క మందీ వరసగా వచ్చి, కాగితం తీసుకుని, తెర చాటుకెళ్లి గుర్తు వేసి, పెట్టెలో వేసి పోయారు. సాయంత్రం పెట్టెకి లక్క సీలు వేశాడు. బుధవారం పొద్దున పది గంటలకి టపా బండి వస్తుంది, దాంట్లో పెట్టె ఎక్కిస్తే ఆయన పని అయిపోతుంది. ఉద్యోగంలో ఇంకా మిగిలింది రెండే నెలలు. ఇన్నేళ్లలో ఆయన పేరు మీద ఒక్క ఎర్ర గీత లేదు.

మంగళవారం పొద్దున్నే, పెట్టె పంపే ఫారం ఎలా నింపాలో చూద్దామని నిబంధనల పుస్తకం తెరిచాడు. నిజం చెప్పాలంటే తెరవడం అదే మొదటిసారి. పుస్తకం వచ్చిన రోజు ముందుగా చేసిన పని దానికి నంబరు కొట్టడం. చదవడం రెండో పని. ఆ రెండో పనికి తీరిక దొరకలేదు.

ముప్ఫై ఒకటో పేజీలో ఒక వాక్యం దగ్గర వేలు ఆగిపోయింది. "ఓటరెవరో తెలిపే గుర్తు గానీ, సంఖ్య గానీ, రాత గానీ ఓటు కాగితంపై ఉన్నచో ఆ ఓటు చెల్లదు."

బాబాయ్ మళ్లీ చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మరోసారి చదివాడు. అక్షరాలు మారలేదు.

నలభై ఒక్క కాగితాల వెనకా నంబరుంది. చేత్తో నొక్కితే దానంతటదే తరవాతి అంకె కొట్టే బుల్లి మిషన్‌తో, ఒక్కటీ వదలకుండా తనే కొట్టాడు. ఇవ్వబోయే వస్తువు మీద ముందు నంబరు, ఆ తరవాత ఇష్యూ రిజిస్టరులో పేరు, సంతకం, ఆ తరవాతే వస్తువు. ఆయన చేతులకి ఇంకో పద్ధతి తెలియదు. పోనీ పుచ్చుకున్నవాళ్లయినా ఇదేమిటని అడిగారా? తినే చెంచాకి నంబరున్న చోట ఓటుకి ఉంటే ఎవడికి వింత? రిజిస్టరు నూట పదమూడో పేజీ, దాని వెనకవైపు నూట పద్నాలుగో పేజీ, ఏ నంబరు ఎవరిదో ముత్యాల్లాంటి అక్షరాలతో చెబుతున్నాయి.

ఇక కూర్చుంటే ఒట్టు. కాలు కాలిన పిల్లిలా స్టోర్సులో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరిగాడు. దుప్పట్ల కట్టలు ఎడమ వైపు నుంచి కుడి వైపుకి సర్దాడు, మళ్లీ ఎడమకి సర్దాడు. టీ తాగుదామని బయల్దేరి సగం దారిలో వెనక్కొచ్చాడు. అక్కడ లెక్కించే చోట ఎవరో కాగితం తిరగేస్తారు, అంకె చూస్తారు, పక్కన పడేస్తారు. అలా నలభై ఒక్కసార్లు. ఆ సంగతి ఇక్కడికి ఉత్తరం రాసి చెప్పే నాథుడుండడు. చెల్లని ఓటు చప్పుడు చెయ్యదు. ఈ శిబిరంలో అందరూ తమ ఓటు పడిందనుకుంటూ రేపటి నుంచి హాయిగా నిద్రపోతారు. తను నోరు మెదపకపోతే చాలు. నిజానికి ఆ ఆలోచన ఆయనకి నచ్చింది కూడా. నచ్చినందుకు తన మీద తనకే చిరాకేసింది.

అప్పుడే మెకానిక్ లోపలికొచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, కెప్టెన్ జీపు చూసేది అతనే. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "బాబాయ్, పెట్టె రేపు వెళ్లిపోతుందిగా?" అన్నాడు.

"వెళ్తుంది."

"టైముకి చేరుతుందా?"

"చేరుతుంది. నీకెందుకయ్యా అంత కంగారు?"

మెకానిక్ వెనక్కి చూసి తలుపు దగ్గరగా వేశాడు. ఈసారి ఎన్నికల్లో పోటీ అంతా ఒక్క విషయం మీదే నడిచింది. ఒక పక్షం వాళ్లు గెలిస్తే పరాయి దేశాల్లోని శిబిరాలు ఏడాదిలో ఎత్తేస్తామన్నారు. రెండో పక్షం ఉంచి తీరతామన్నారు. కెప్టెన్ పోయిన వారం అందర్నీ వరసలో నిలబెట్టి, "ఎత్తేస్తామనేవాళ్లకి మన దగ్గర ఒక్క ఓటు కూడా పడదని నా నమ్మకం" అన్నాడు. అప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఈ మెకానికే.

"క్యాంటీన్‌లో నేనెంత గొంతు చించుకుంటానో మీకు తెలుసుగా, కెప్టెన్‌గారి మాటే నా మాటని," అన్నాడు మెకానిక్ మెల్లగా. "పెట్టెలో వేసింది అది కాదు బాబాయ్."

"నాకెందుకు చెబుతున్నావు! ఇలాంటివి చెప్పకూడదు!"

"ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపుబ్బి చచ్చేలా ఉన్నాను. నా చదువు మా నాన్న ఇష్టం, పెళ్లి మా అక్క ఇష్టం, ఈ ఉద్యోగం మా మామ ఇష్టం. ఎవర్నీ అడక్కుండా నేను చేసిన పని ఈ జన్మకి ఇదొక్కటే. గెలవకపోయినా పర్లేదు. లెక్కలోకి వస్తే చాలు."

అతను ఈల వేసుకుంటూ పోయాడు. బాబాయ్ దుప్పట్ల కట్ట మీద కూలబడ్డాడు. అతనిది పదిహేడో నంబరు. రిజిస్టరు చూడక్కర్లేదు, ఆయనకి అన్నీ గుర్తే.

పుస్తకం మళ్లీ తీసి, ఈసారి మొదటి పేజీ నుంచి పరీక్షకి కూర్చున్నవాడిలా చదివాడు. ముప్ఫై నాలుగో పేజీలో దారి దొరికింది. పెట్టె పంపకముందే పొరపాటు బయటపడితే, యూనిట్ అధికారి సంతకంతో ఆ పెట్టెని రద్దు చేసి, రిజర్వు కాగితాలతో మళ్లీ ఓట్లు వేయించవచ్చు. రిజర్వు కాగితాలు యాభై ఉన్నాయి, ఖాళీ పెట్టె కూడా ఉంది. రద్దయిన పెట్టె మూడు నెలలు అధికారి దగ్గరే ఉండాలి. బాబాయ్ పుస్తకం చంకలో పెట్టుకుని కెప్టెన్ గదికి దాదాపు పరిగెత్తాడు.

కెప్టెన్ ఆయన కంటే పదిహేనేళ్లు చిన్నవాడు. మాట మర్యాదగానే ఉంటుంది. మొత్తం విని, "ఎవరికైనా చెప్పారా?" అని అడిగాడు.

"లేదు సార్."

"అయితే చెప్పకండి. రెండు నెలల్లో ఇంటికెళ్లే మనిషి, కొరివితో తల గోక్కుంటారా? పంపించెయ్యండి, అక్కడ వాళ్ల తిప్పలేవో వాళ్లు పడతారు."

"నలభై ఒక్క ఓట్లు సార్. మళ్లీ వేయించొచ్చు, పుస్తకంలోనే ఉంది. మీరు ఇక్కడ సంతకం పెడితే చాలు. పాత పెట్టె మూడు నెలలు మీ దగ్గర ఉంచుకోవాలి."

వద్దనబోతున్న కెప్టెన్ ఆగాడు. "నా దగ్గరా?"

"అవును సార్. అలాగే రాసుంది."

కెప్టెన్ కాసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. తరవాత సంతకం పెట్టేశాడు. "రేపు పొద్దున బండి రాకముందే పాత పెట్టె నాకు అప్పజెప్పండి. మీ ఇష్యూ రిజిస్టరు కూడా తెండి. పొరపాటు ఎలా జరిగిందో రుజువుండాలిగా." అని చిన్నగా నవ్వాడు. "మనవాళ్లలో ఎవరెటున్నారో సరదాగా మనకీ తెలుస్తుంది."

"అలాగే సార్" అంది బాబాయ్ నోరు. ఇరవై ఆరేళ్లుగా అదొక్కటే అలవాటు దానికి. కళ్లు మాత్రం బల్ల మీదున్న ఫైళ్ల దొంతర మీద పడ్డాయి. నెలాఖరుకి కెప్టెన్ ఒక్కొక్కరి గురించీ పైకి రాయాల్సిన రిపోర్టులు. ఎవరికి ప్రమోషన్, ఎవరికి ఇంకో రెండేళ్లు ఇక్కడే, అన్నీ వాటితోనే తేలతాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. లక్క సీలు ఊడదియ్యడానికి ఒక అగ్గిపుల్ల చాలు.

బయటికొచ్చాక ఆయనకి తన మీద పట్టరాని కోపం వచ్చింది. ఓట్లు చెల్లేలా చేద్దామని వెళ్లి, ఓటర్లని పట్టిచ్చి వచ్చాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాడు.

మధ్యాహ్నం అందరూ భోజనాల షెడ్డులో ఉండగా లోపలికెళ్లి, ఒక పళ్లెం తీసి గరిటెతో కొట్టాడు. మాటలు ఆగాయి. బాబాయ్ దాచకుండా అంతా చెప్పాడు, తను నంబర్లు కొట్టింది, ఓట్లు చెల్లకుండా పోయింది, సాయంత్రం మళ్లీ వెయ్యాల్సింది.

వంటమాస్టరు ముందుగా తేరుకున్నాడు. "నా గరిటెలకి కొట్టావు, ఊరుకున్నాను. ఓట్లక్కూడానా బాబాయ్! ఇంకా నయం, మా వీపుల మీద కొట్టలేదు."

షెడ్డంతా గొల్లున నవ్వింది. ఒకడు తన వీపు చూపించి ఖాళీ ఉందన్నాడు. మెకానిక్ ఒక్కడే నవ్వలేదు. చేతిలో రొట్టె ముక్క అలాగే ఉంది.

"ఆ నంబర్లు ఎవరెవరివో మీ రిజిస్టరులో ఉంటాయిగా?" అన్నాడు.

"ఉంటాయి."

"మరి పాత పెట్టె ఏమవుతుంది?"

బాబాయ్ అబద్ధం వెతికాడు. దొరకలేదు. "కెప్టెన్‌గారి దగ్గర ఉంటుంది. నిబంధన అదే. రిజిస్టరు కూడా తెమ్మన్నారు."

నవ్వులు పోయాయి. మెకానిక్ పళ్లెం పక్కకి నెట్టాడు. "నేను మళ్లీ వెయ్యను బాబాయ్. ఒకసారి వేసినందుకే ఈ గతి."

"నేనూ వెయ్యను," అన్నాడు ఇంకొకడు. "ఈ గొడవ నాకొద్దు," అన్నాడు మరొకడు. ఒకడైతే, "ఈసారి కెప్టెన్‌గారికి నచ్చినట్టే వేసేద్దాం, పీడా పోతుంది" అన్నాడు. "వేసి ఏం లాభం? పాత పెట్టె చెప్పేస్తుందిగా!" అని వంటమాస్టరు అతని నోరు మూయించాడు.

బాబాయ్ అక్కడ నిలబడలేకపోయాడు. స్టోర్సుకి వచ్చి తలుపేసుకున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెట్టె తీసి దాచేద్దామా? అది సర్కారు పెట్టె, దాని జోలికి పోతే జైలు. జైలు సంగతి సరే, అందులో ఉన్నవి అందరి ఓట్లూ, వాటిని మాయం చెయ్యడానికి తనెవరు? రిజిస్టరు ఒక్కటే తనది. అట్ట తెరిచాడు. మొదటి పేజీలో తన చేతి రాతే: "ఈ పుస్తకమందు రెండు వందల పేజీలు కలవు. లెక్క చూచితిని." ప్రతి పేజీ మీదా అచ్చు వేసిన అంకె. ఒక్క ఆకు పోయినా నూట పన్నెండు తరవాత నూట పదిహేను వస్తుంది, గుడ్డివాడికైనా తెలుస్తుంది. స్టోర్‌కీపరు రిజిస్టరు చింపడమంటే దొంగతనం కింద లెక్క. పోయిన ఏడాది ఇంకో శిబిరంలో ఒకడు ఆ పని చేస్తే పింఛను ఆపేశారు. తప్పు చేశాడంతే అని అప్పట్లో నలుగురికీ చెప్పింది బాబాయే.

కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. ఇంక ఆలోచిస్తే చెయ్యలేనని తెలిసిపోయింది. రిజిస్టరు పట్టుకుని గబగబా భోజనాల షెడ్డుకి నడిచాడు.

ఎవరూ ఇంకా లేవలేదు. బాబాయ్ బల్ల మీద రిజిస్టరు పెట్టి, నూట పదమూడో పేజీ తెరిచి, అందరికీ చూపించాడు. తరవాత ఆ ఆకుని కుట్టు దాకా పట్టుకుని లాగాడు. కుట్టు గట్టిది, సగంలో ఆగింది. రెండోసారి గట్టిగా లాగితే ఊడొచ్చింది. వంటమాస్టరు పొయ్యి తలుపు తీసి పట్టుకున్నాడు. కాగితం ముందు అంచుల్లో నల్లబడి, తరవాత భగ్గుమంది. బాబాయ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. సొంత పిల్లని కొట్టినంత బాధ కలిగిందాయనకి.

"మీ బుర్రలో ఉన్నాయిగా నంబర్లు?" అన్నాడు మెకానిక్. అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు, భయమే ఉంది.

"ఉన్నాయి. బుర్ర చింపుకోలేను కదయ్యా. అడిగితే చెప్పను, అంతే."

మెకానిక్ ఆయన మొహంలోకి కాసేపు చూశాడు. చూసి లేచాడు. "కాగితం ఎక్కడ ఇస్తారు?"

ఆ సాయంత్రం నలభై ఒక్క మందీ మళ్లీ ఓటేశారు. బాబాయ్ ఒక్కొక్క కాగితం ముందూ వెనకా తిప్పి, తెల్లగా ఉందని చూపించి మరీ ఇచ్చాడు. నంబరు లేని కాగితం చేతిలోంచి వదలడానికి ప్రతిసారీ ప్రాణం గిలగిల్లాడింది. చివర్న తన ఓటు వేసి, కొత్త పెట్టెకి సీలు వేశాడు.

బుధవారం తొమ్మిదింటికి పాత పెట్టె, రిజిస్టరు కెప్టెన్ బల్ల మీద పెట్టాడు. కెప్టెన్ ఆత్రంగా పేజీలు తిప్పాడు. ఆగాడు. వెనక్కి తిప్పాడు.

"ఇందులో ఒక ఆకు లేదు."

"లేదు సార్. నేనే చింపాను."

కెప్టెన్ మొహం ఎర్రబడింది గానీ గొంతు పెంచలేదు. "దాని అర్థం మీకు నేను చెప్పక్కర్లేదు. ఆకు పోతే పోయింది. మీ జ్ఞాపకశక్తి సంగతి శిబిరమంతా ఎరుగుదురు. నంబర్లు గుర్తున్నాయా?"

"ఉన్నాయి సార్."

"అయితే ఇక్కడే కూర్చుని మళ్లీ రాసివ్వండి. ఆకు చిరిగిపోయింది, మీరు సరిచేశారు అని నేను నోట్ పెడతాను. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు." తెల్ల కాగితం, కలం ముందుకి జరిపాడు.

బాబాయ్ కూర్చున్నాడు. అలాగే సార్ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగడానికి ఆయన పడ్డ అవస్థ ఎదురుగా ఉన్నవాడికి తెలిసి ఉండదు. కాగితం మీద వంగి, ఎప్పటి ముత్యాల అక్షరాలతోనే నిదానంగా రాసి, సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చాడు. వస్తువులు పోయినప్పుడు ఇన్నేళ్లూ ఆయన నింపిన రిపోర్టు పద్ధతే అది. 'నష్టమైనది: ఇష్యూ రిజిస్టరు, ఒక ఆకు. బాధ్యులు: స్టోర్‌కీపరు. కారణం: అందులో ఉన్నది స్టోర్సు సొత్తు కాదు.'

కెప్టెన్ అది రెండుసార్లు చదివాడు. "నేనడిగింది ఇది కాదు."

"తెలుసు సార్."

"ఇది పైకి పంపిస్తే మీ పింఛను ఆగుతుంది."

"పంపించండి సార్."

బయటికొచ్చాక భయం పట్టుకుంది. ఇంటికి ఫోన్ చేసి వాళ్లావిడకి ఏమని చెప్పాలి? స్టోర్సు మెట్టు మీద కూర్చుండిపోయాడు. బండి వచ్చిన చప్పుడు, తలుపులు తీసిన చప్పుడు, ఎవరో కేకలేసిన చప్పుడు వినబడ్డాయి, లేచి చూడలేకపోయాడు. కాసేపటికి మెకానిక్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏమన్నారు బాబాయ్?"

"మీ నంబర్లు అడిగారు."

"మీరేం చెప్పారు?"

"కొత్త పెట్టె బండెక్కిందా?"

"ఎక్కింది."

"అయితే వెళ్లి నీ పని చూసుకో."

మెకానిక్ లేవలేదు. బండి గేటు దాటి కనుమరుగయ్యేదాకా ఇద్దరూ ఆ మెట్టు మీదే కూర్చున్నారు.